కడలి పాలైన వెండి నాణెములు: వాని శుద్ధి, సంరక్షణము



చిత్తూరు సీమ నడుమ కూర్చుండి సముద్రగర్భమున మునిగిన నాణెములను గూర్చి మాటలాడుట కొందరికి వింతగా తోపవచ్చును. మదనపల్లె, పుంగనూరు, పలమనేరు ప్రాంతములలో సముద్రమును కన్నులార చూడని వృద్ధులు నేటికిని కలరు. అయినను మీ యింట పూజాపెట్టెలో పసుపు కుంకుమలతోనున్న వెండి రూపాయికిని ఆ సముద్రమునకును దగ్గరి చుట్టరికము కలదు. కుప్పము చేరువ చిగురుగుంట, బిసానత్తముల కడ భూమిని త్రవ్వి బంగారము తీసిరి గాని, దక్షిణదేశమున చెప్పదగిన వెండి గని లేదు. మన పూర్వులు చేతబట్టిన వెండి దాదాపుగా అంతయు ఎక్కడనో త్రవ్వబడి, ఓడనెక్కి, రేవున దిగి, ఎడ్లబండ్లమీద మన యూళ్లకు చేరినదే. అట్లు బయలుదేరిన వెండిలో కొంత దారిలోనే మునిగినది. మునిగినదానిని ఈ కాలమున పైకి తీయుచున్నారు. తీసిన పిమ్మట దానిని ఎట్లు శుభ్రపరతురో, ఆ పనిని ఏల అంత నిదానముగా చేయుదురో తెలిసికొన్నచో, మన యింటి నాణెములను, మన పొలములలో దొరకు నాణెములను ఎట్లు చూచుకొనవలెనో తెలియును. నేను చాలకాలము రసాయనశాస్త్రము బోధించినవాడను గావున ఈ విషయమును ఆ వైపునుండియే చెప్పుదును.

ముందుగా వెండి నడచిన దారి కొంచెము చూతము. పదునారవ శతాబ్దమునుండి ప్రపంచపు వెండిలో పెద్ద పాలు దక్షిణ అమెరికాలోని పోటొసీ కొండనుండియు, మెక్సికో గనులనుండియు వచ్చెను. స్పెయిను రాజులు దానితో రెండు తులములకు పైగా తూగు పెద్ద నాణెములు కొట్టించిరి. అవి ఐరోపా చేరి, అక్కడినుండి డచ్చివారి ఓడలలోను ఇంగ్లీషువారి ఓడలలోను తూర్పునకు వచ్చెను. మన నేతవస్త్రములు వారికి కావలెను. వారి సరుకులు మనకంతగా అక్కరలేదు. అందుచేత వారు వెండి పోసి బట్టలు కొనవలసివచ్చెను. చంద్రగిరినేలిన వేంకటపతిరాయల అనుమతితో డచ్చివారు 1610లో పులికాటున దిగిరి. 1613 నాటికి అచ్చట గెల్డ్రియా కోట కట్టుకొనిరి. ఇంగ్లీషువారు 1626లో దానికి ఉత్తరముగా దుగరాజపట్నమున కొఠీ పెట్టిరి. వారి కాగితములలో దాని పేరు ఆర్మగాను. అచ్చట ఉద్యోగియైన ఫ్రాన్సిస్ డే అనువాడే 1639లో దామర్లవారి వలన చెన్నపట్టణపు స్థలమును సంపాదించెను. ఆ దుగరాజపట్నము 2022లో ఏర్పడిన తిరుపతి జిల్లాలో చేరినది గావున, సముద్రము మనకు బొత్తిగా పరాయిదని యనుటకు వీలులేదు.

ఈ దారిలో ఎన్నియో ఓడలు పోయెను. డచ్చి కంపెనీవారి బటావియా యను ఓడ 1629లో ఆస్ట్రేలియా పడమటి తీరమున రాళ్లకు తగిలి పగిలెను. 1656లో వెర్గుల్డె డ్రేక్ అను మరియొక ఓడ అదే తీరమున మునిగెను. దానిలో 78,600 గిల్డరుల విలువగల వెండి నాణెములుండెను. మూడు శతాబ్దములు గడచిన తరువాత, 1963లో, ఈ రెండు ఓడల శిథిలములును మునుగీతగాండ్రకు కనబడెను. ఆ వెండి చేరవలసినచోటికి చేరియుండినచో, అందులో కొంతయైనను తూర్పుదేశపు బట్టలకును మిరియములకును మారకమై యుండెడిది.

ఈ దారికి ఋజువు కావలెనన్నచో ఒక నాణెము చాలును. 1808 ప్రాంతమున చెన్నపట్టణపు టంకసాలలో కంపెనీవారు వెండి అరవరహాలు కొట్టించిరి. ఒక ప్రక్క దేవాలయ గోపురము, దాని చుట్టు నక్షత్రములు. రెండవ ప్రక్క విష్ణుమూర్తి, చుట్టును తెలుగులోను అరవములోను అక్షరములు. వీనిలో కొన్నింటిని క్రొత్తగా పోతపోసిన వెండి బిళ్లలమీద గాక, స్పెయినువారి పాత నాణెములమీదనే తిరిగి అచ్చుకొట్టిరి. అట్టి నాణెమును దివ్వె వెలుతురున ఏటవాలుగా పట్టి చూచినచో, మన తెలుగక్షరముల క్రిందనుండి ఆ పాత నాణెపు గీతలు లీలగా అగపడుట కలదు. అమెరికా కొండలోని వెండి మన గోపురము క్రిందికి ఎట్లు వచ్చెనో చెప్పు సాక్ష్యము ఆ లీలామాత్రపు గీతయే. దాని ఎత్తు వెండ్రుకవాసి. ఇటుకపొడితో నాలుగు మారులు రుద్దిన యెడల పోవును. నేటి ప్రసంగమంతయు ఆ వెండ్రుకవాసిని గూర్చియే యనుకొనుడు.

రాగి నాణెముల మాట ఒకటి చెప్పి వెండికి వచ్చెదను. 1801లో ఆర్కాటు నవాబునుండి మన ప్రాంతము కంపెనీ చేతికి వచ్చిన పిమ్మట, చెన్నరాజధానిలో చిల్లర వాడుకకై పదికాసుల, ఇరువదికాసుల రాగి నాణెములను ఇంగ్లాండున బర్మింగుహాము దగ్గర ఆవిరియంత్రములతో కొట్టించిరి. వానిని మోసికొని చెన్నపట్టణమునకు బయలుదేరిన అడ్మిరల్ గార్డ్నర్ అను ఓడ 1809 జనవరిలో ఇంగ్లాండు తీరము దాటకయే గుడ్విన్ ఇసుకదిబ్బలలో కూరుకొనిపోయెను. మన సంతలలో ఉప్పునకును తమలపాకులకును మారవలసిన కాసులు నూటడెబ్బదియైదేండ్లకు పైగా ఇసుకలో పడియుండి, 1980 తరువాతి దశాబ్దములో పదిలక్షలకు మించి పైకి వచ్చెను. అవి నేడు ప్రపంచమంతట నాణెములు సేకరించువారి పెట్టెలలో నున్నవి.

ఇక వెండి. మనకు చేరువలో, సింహళద్వీపపు దక్షిణతీరమునకు ఆవల, గ్రేట్ బాసెస్ అను రాతిదిబ్బ కలదు. అచ్చటివారు దానిని రావణుని కోట యందురు. 1961లో మైక్ విల్సన్ అను మునుగీతగాడును, ఇద్దరు బాలురును ఆ దిబ్బ దగ్గర ఒక పాత ఓడ శిథిలమును, దానిలో వెండి రూపాయల ముద్దలను కనుగొనిరి. విల్సనుకు తోడుగా పనిచేసిన ఆర్థర్ క్లార్క్ అను రచయిత ఆ వృత్తాంతమును తరువాత గ్రంథముగా వ్రాసెను. ఆ రూపాయలు ఔరంగజేబు పేరిట సూరతు టంకసాలలో కొట్టినవి. వానిమీద హిజరీ 1113 అని యుండెను. అనగా మన లెక్కలో 1702 ప్రాంతము. వానిని వేయేసి చొప్పున సంచులలో కట్టిరి. సంచి గుడ్డ ఎప్పుడో కుళ్లిపోయెను. కాని నాణెములు సంచి ఆకారముననే, ఒకదానికొకటి అతుకుకొని, పైన సున్నపు పెంకు కట్టి, బండరాళ్లవలె నుండెను. అందులో విశేషమేమనగా, ముద్ద వెలుపలి నాణెములు తినివేయబడెను. లోపలివి టంకసాలనుండి నిన్న వచ్చినవో యన్నట్లుండెను. వెలుపలివి తాము క్షీణించి లోపలివానిని కాపాడినవి.

ఎందువలన ఇట్లగునో చెప్పెదను. బంగారమునకు సముద్రముతో పేచీ లేదు. 2020 నవంబరులో నివర్ తుపాను తరువాత కాకినాడ దగ్గర ఉప్పాడ ఒడ్డున జనులు ఇసుకలో బంగారపు పూసలు ఏరుకొనిరని పత్రికలలో మీరు చదివియుందురు. ఆ పూసలు ఎంతకాలము నీటనున్నను పసుపుగనే యుండును. వెండి అట్టిది కాదు. ఉప్పులో క్లోరిను అను మూలపదార్థము కలదు. గాలి చొరబడు సముద్రజలమున వెండి దానితో కలిసి వెండి క్లోరైడుగా మారును. అది మైనమువలె మెత్తగా, బూడిదవన్నెతో, గోటితో నొక్కిన గుర్తు పడునట్లుండును. ఇంగ్లీషువారు దానిని కొమ్మువెండి యందురు. ఇసుక క్రిందను బురద క్రిందను గాలి చొరనిచోట వేరొక మార్పు జరుగును. అచ్చట బ్రదుకు సూక్ష్మజీవులు కుళ్లిన కోడిగ్రుడ్డు వాసనగల వాయువును పుట్టించును. దానిలోని గంధకముతో వెండి కలిసి నల్లని సల్ఫైడగును. మీ యింటి వెండి చెంబు నల్లబడుటయు ఈ మార్పే; ఇంట పలుచని పొరగా నుండునది సముద్రమున దళముగా నుండును. అంతియే భేదము.

నాణెములోని వెండి సాధారణముగా శుద్ధమైనది కాదు. గట్టిదనమునకై కొంత రాగి కలుపుదురు. సముద్రము ముందుగా ఆ రాగిని లాగికొనును; అందుచేత నాణెముపై పచ్చని మరకలు కనబడును, లోపల సన్నని రంధ్రములు పడును. అట్టి నాణెము చూపునకు గట్టిగా నుండి, క్రింద పడినచో పెంకువలె పగులును. మన పెద్దలకు రూపాయిని రాతిమీద మోగించి మంచిచెడ్డలు చూచు అలవాటు కలదు. పాత నాణెము విషయమున ఆ పరీక్ష వలదు.

ఇనుము దగ్గరనున్నచో కథ మారును. ఓడలో ఫిరంగులు, గుండ్లు, మేకులు ఉండును గదా. రెండు లోహములు ఉప్పునీట తాకియుండగా వానిలో బలహీనమైనది ముందు తినివేయబడును. ఇనుము త్రుప్పుపట్టి నశించుచున్నంతకాలము దానిని తాకియున్న వెండి క్షేమముగా నుండును. కాని ఆ త్రుప్పు ఇసుకతోను గవ్వలతోను కలిసి, వెండి చుట్టు రాయికంటె గట్టి పెంకుగా పేరుకొనును.

ఇప్పుడొక ముఖ్యమైన సంగతి. లోహము క్లోరైడుగానో సల్ఫైడుగానో మారినపుడు ఉబ్బును. ఒక పాలు వెండి క్లోరైడైనచో రెండున్నర పాళ్ల చోటు పట్టును. సల్ఫైడైనచో ఒకటిన్నర పాళ్లకు మించి పట్టును. అయినను మార్పు నెమ్మదిగా జరిగినపుడు పాదుషా పేరు, సంవత్సరపు అంకె, టంకసాల గురుతు ఆ మారిన పొరలోనే నిలిచియుండును. వెలుపల మనము మురికి యనుకొను నల్లని పొరయే ఒకప్పటి నాణెపు ముఖము. దానిని గీకివేసినచో లోపల తళతళలాడు వెండి కనబడును, నిజమే. కాని అది ముఖము పోయిన వెండి. అనేకులు ఇచ్చటనే పొరబడుదురు. వెండి మిగిలినది గదా యని సంతోషింతురు. వెండి కావలెనన్నచో అంగడిలో దొరకును. నాణెమునందు వెండికంటె విలువైనది దాని వ్రాత.

ఇక శుద్ధిచేయు విధము. సముద్రమునుండి తీసిన ముద్దను ఎండనీయరు. ఎండినచో సున్నపు పెంకు మరింత గట్టిపడును. లోనికి దిగిన ఉప్పు పలుకులు గట్టి, పొరను పగులగొట్టును. గావున తీసినది మొదలు నీటిలోనే, తరచుగా సోడా కలిపిన నీటిలో, ఉంచుదురు. తరువాత ముద్దను కొలిచి, చిత్రము తీసి, తూచి, లెక్క వ్రాసికొందురు. మన కరణములు పొలమును కొలువక ముందు హద్దులు వ్రాసికొన్నట్లే ఇదియు. ఆ ముద్దలో ఒక తాడుపోగో, సంచి గుడ్డ నేత యచ్చో, పెట్టె చెక్కముక్కయో మిగిలియుండవచ్చును. కొన్ని సంస్థలలో రోగుల యెముకలు చూచు కిరణములతోనే ముద్ద లోపల నేమున్నదో ముందుగా చూతురు.

పిమ్మట పెంకు తీయుట. దళమైనచోట చిన్న ఉలితో, కంటికి భూతద్దము పెట్టుకొని, నాణెమును తాకకుండ తీయుదురు. మిగిలిన సున్నపు పొరను పలుచని ఆమ్లములో నానవేయుదురు. ఇందుకు తగినది ఫార్మిక్ ఆమ్లము, అనగా ఎఱ్ఱచీమ కుట్టినపుడు మంటపుట్టించు ఆమ్లమే. అది సున్నమును కరగించును. వెండిని అంతగా బాధింపదు. నత్రికామ్లము వంటి ఘాటు ఆమ్లము వెండినే తినివేయును గావున దానిని దరిచేరనీయరు. అమ్మోనియా రాగి మరకలను తీయును గాని క్లోరైడు పొరను కూడ కరగించును. ఆ పొరలోనే వ్రాత యున్నచో ఆ నీటితోపాటు పాదుషా పేరును కాలువలో పారబోసినట్లగును. ఈ పనిలో ఏది కరగునో తెలియుట యెంత ముఖ్యమో, ఏది కరగరాదో తెలియుట అంతకంటె ముఖ్యము.

పెంకు పోయిన తరువాత నల్లపొరతో నాణెము మిగులును. ఇచ్చట రసాయనశాస్త్రము చేయు మేలు చాల గొప్పది. పొరను తీసివేయుటకు బదులు, ఆ పొరను తిరిగి వెండిగా మార్చవచ్చును! పోయినదనుకొన్న వెండి పోలేదు. గంధకముతోనో క్లోరినుతోనో జతగూడి అచ్చటనే యున్నది. ఆ జతను విడదీసినచో వెండి యథాస్థానమున నిలుచును. ఇందుకు ఒక మార్గము విద్యుత్తు. కాస్టిక్ సోడా పలుచగా కలిపిన నీటిలో నాణెమును వ్రేలాడదీసి, దానికి విద్యుత్ప్రవాహపు ఋణధ్రువమును తగిలింతురు. ఎదురుగా త్రుప్పుపట్టని ఉక్కు రేకునకు ధనధ్రువమును తగిలింతురు. ప్రవాహము మిక్కిలి సన్నగా నుండవలెను. ఎక్కువైనచో నాణెముమీద బుడగలు లేచి, ఆ బుడగలే పొరను ఊడబెరుకును. సన్నని సెగమీద పాలు కాచినట్లు చేయవలసిన పని యిది.

రెండవ మార్గము విద్యుత్తు లేకయే జరుగును. డితియొనైటు అను లవణమును కాస్టిక్ సోడా నీటిలో కరగించి, గాలి చొరకుండ బిగించిన పాత్రలో నాణెములను ఉంచుదురు. ఆ ద్రవము వెండిపొరలోని జతను విడదీయును. పశ్చిమ ఆస్ట్రేలియా మ్యూజియపు శాస్త్రజ్ఞులు మునిగిన ఓడల వెండికై ఈ పద్ధతిని ప్రయోగించి, 1979లో దానిని గూర్చి ప్రకటించిరి. ముక్కలగునంతగా క్షీణించిన నాణెములకు ఇది మిక్కిలి మేలు.

అటుపైని కడుగుట. ఇది వినుటకు అల్పముగా తోచును. చేయుటకు ఓర్పు కావలెను. ఉప్పుగాని సోడాగాని రవంత మిగిలినను కొన్నినెలలకు మరల మరకలు పుట్టును. అందుచే స్వేదనజలమున మార్చిమార్చి కడిగి, కడిగిన నీటిలో ఉప్పు లేదని పరీక్షచేసి, ఆరబెట్టి, పైన పలుచగా మైనమో పారదర్శకమైన జిగురుపూతయో పూయుదురు. ఆ పూత కావలసినపుడు తీసివేయదగినదై యుండవలెను. ముందు తరమువారికి మనకంటె మంచి ఉపాయము తెలియవచ్చును గదా! వారి చేతులు కట్టివేయు పని మనము చేయరాదు.

ఇట్టి శ్రమ ప్రతి నాణెమునకును పడుదురా యన్నచో, పడరు. 1942 నవంబరు 6వ తేదీన సిటీ ఆఫ్ కైరో అను ఓడ దక్షిణ అట్లాంటిక్ సముద్రమున జర్మను జలాంతర్గామి దెబ్బకు మునిగెను. అది బొంబాయినుండి ఇంగ్లాండునకు మన వెండి రూపాయలనే సుమారు నూరు టన్నులు మోసికొనిపోవుచుండెను. 5,150 మీటర్ల లోతున 2011లో దాని జాడ కనిపెట్టి, 2013 నాటికి వెండిలో చాలభాగము పైకి తీసిరి. అంత లోతునుండి అదివరకెన్నడును అంత సరుకు తీసియుండలేదు. ఆ రూపాయలలో అధికభాగమును కరగించి అమ్మిరి. ఒకే అచ్చు రూపాయలు కోట్లకొలది కొట్టబడినవి గావున, అందులో చరిత్రనష్టము కొంచెమే యని వారి వాదము. నాకు మాత్రము, మన సంతలలో చేతులు మారిన ఆ రూపాయలు ఒక్క గంపెడైనను ఇటు తిరిగివచ్చి యుండినచో బాగుండెడిదని తోచును.

ఇక మన యింటి మాట. చంద్రగిరి చేరువ గ్రామమునందొక పెద్దాయన నన్ను కూర్చుండబెట్టి, గుడ్డమూట విప్పి, "అయ్యవారూ, మా జేజినాయన కాలం రూపాయలివి. బొగ్గు మాదిరి నల్లగా ఉండినాయి. చింతపండు, ఉప్పు, ఇటుకపొడి వేసి తోమించినాను. ఇప్పుడు చూడండి, అద్దం మాదిరి మెరుస్తా ఉండాయి" అనెను. చూచితిని. అవి ఆర్కాటు రూపాయలు. ఆ పేరుతో నవాబు మాత్రమే గాక చెన్నపట్టణమున ఇంగ్లీషువారును, పుదుచ్చేరిలో ఫ్రెంచివారును రూపాయలు కొట్టిరి. ఏది యెవరిదో తెలియుటకు ఒక చిన్న గురుతే ఆధారము: చెన్నపట్టణపు రూపాయమీద తామరపువ్వు, పుదుచ్చేరిదానిమీద నెలవంక. ఆ పెద్దాయన రూపాయలలో నాలుగింటిమీద ఆ గురుతుండవలసినచోట నున్నని వెండి మాత్రమే యుండెను. 1911 వరకును మన చిత్తూరు ఉత్తర ఆర్కాటు జిల్లాకు ముఖ్యపట్టణము. ఆ పేరు మోసిన రూపాయ మన చేతిలోనే తన పేరు పోగొట్టుకొనుట విచారకరము. ఆయనతో ఆ మాట యనుటకు నాకు నోరాడలేదు. మిగిలినవానిని తోమవలదని మాత్రము వేడుకొంటిని. "అట్లనా?" యని మూట కట్టుకొనెను.

చింతపండులోని పులుపును ఉప్పును కలిసినపుడు నలుపుతోపాటు దాని క్రింది వెండియు కొంత పోవును. ఇటుకపొడి, ముగ్గు, ఇసుక సన్నని గీతలు గీయును. విభూతి వానికంటె మెత్తనిదే గాని, ఏటేట రుద్దినచో అదియును అక్షరములను అరగదీయును. దినము వాడు చెంబులకును పళ్లెములకును ఈ విచారము అక్కరలేదు. అవి వాడుకకు పుట్టినవి. వానికైనను సులభమైన మార్గము కలదు. సత్తుగిన్నె చేయు అల్యూమినియపు పలుచని రేకును పళ్లెరములో పరచి, దానిమీద వెండివస్తువును ఆనునట్లు పెట్టి, బట్టలుతుకు సోడా కలిపిన వేడినీరు పోసినచో, నలుపు రుద్దకయే విడిపోవును. సముద్రపు వెండికి విద్యుత్తు చేయు పనినే ఇచ్చట ఆ రేకు చేయును. రేకు నల్లబడి, వెండి తెల్లబడును. కాని రాళ్లు పొదిగిన నగలకును, పాత నాణెములకును ఈ వైద్యము వలదు. పాత నాణెముమీది పలుచని నలుపు దానికి చొక్కా వంటిది, ఉండనిండు.

ఉంచు విధము చెప్పెదను. నాణెమును అంచులు పట్టుకొని యెత్తుడు. ముఖముమీద వ్రేళ్లు పెట్టకుడు. చెమటలో ఉప్పు కలదు. ఉన్ని గుడ్డలో చుట్టకుడు, రబ్బరు పట్టీ బిగింపకుడు. రెండింటను గంధకము కలదు. వాసనగల మెత్తని ప్లాస్టికు సంచులు పనికిరావు. వానినుండి వెలువడు పదార్థము నాణెమునకు జిడ్డుగా పట్టి పచ్చబడును. బాగుగా ఉతికి గంజి లేకుండ ఆరవేసిన నూలుగుడ్డలో ఒక్కొక్కదానిని వేరువేరుగా చుట్టి, పొయ్యికిని పశువులకొట్టమునకును దూరముగా పొడిచోట పెట్టుడు. ఇంగువ, వెల్లుల్లి యుంచు అలమరలో పెట్టకుడు. చూచుటకు అల్పవిషయములే గాని నలుపు పుట్టించు గంధకము చేరునది ఈ దారులనే. దేవునికి పెట్టు రూపాయికి కుంకుమ తప్పదనుకొన్నచో, అందుకొక్క రూపాయిని వేరుచేసి, మిగిలినవానిని పొడిగా నుంచుడు.

చివరగా, భూమిలో దొరకు నాణెముల సంగతి. బావి త్రవ్వునపుడును, పాత గోడ పడగొట్టునపుడును, దుక్కి దున్నునపుడును లంకెబిందెలు దొరకెనని మన ప్రాంతమున వినుచుందుము. దొరకినవెంటనే జరుగు పనులు రెండు: ఒకటి పంచుకొనుట, రెండు కంసాలి మూసలో కరగించుట. కరగిన వెండి తూకమునకు అమ్ముడుపోవును. ఏ రాజు కాలమునదో, ఎవరు ఏ భయముచే పూడ్చిరో చెప్పవలసినది పొగగా పోవును. ఇందుకు చట్టము కూడ కలదు. 1878వ సంవత్సరపు నిక్షేపముల చట్టము ప్రకారము, పది రూపాయల విలువకు మించిన నిక్షేపము భూమిలో దొరకినపుడు దొరకినవాడు కలెక్టరునకు వ్రాతమూలకముగా తెలుపవలెను. తెలిపినవానికిని భూమి యజమానికిని హక్కులును ఆ చట్టమునందే చెప్పబడినవి. దాచినవాడు తన పాలు పోగొట్టుకొనుటయే గాక శిక్షకు గురియగును.

గ్రామమున పెద్దలైన మీ మాట ఇచ్చట చెల్లును. బిందె దొరకినదని కబురు వచ్చినపుడు మీరు చేయవలసినది ఇంతే. నాణెములను కడుగనీయకుడు. అతుకుకొనియున్న ముద్దను పారతోను సుత్తితోను విడగొట్టనీయకుడు. ముద్ద లోపలి నాణెములే మిక్కిలి చక్కగా నుండునని సింహళపు సంచులు మనకు చూపినవి. బిందె పగిలినను ఆ పెంకులను, దానిలోని మట్టిని పారవేయనీయక ఒక గంపలో నుంచుడు. ఏ చోట, ఎంత లోతున, ఏ దినమున దొరకెనో ఒక కాగితముమీద వ్రాసి, నలుగురిచేత చేవ్రాలు చేయించుడు. పిమ్మట ఆ గంపను, ఆ కాగితమును గ్రామాధికారి ద్వారా కలెక్టరు కచ్చేరికి పంపుడు. మట్టి తీయు పని అచ్చటి నుండి నాణెములు చేరిన మ్యూజియమువారు, భూతద్దము పెట్టుకొని, తీరికగా చూచుకొందురు.